నైలాన్ మేజోళ్ళు

“ఇవెవరి కాళ్ళకి?”

కెంజెగుల్ చేతిలో కొత్త నైలాన్ మేజోళ్ళ జత వేలాడుతోంది. ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకు తొడుక్కునే రకం, తొడల దాకా వచ్చేవి. మెలిస్ కొండకు తీసుకెళ్ళే సంచిలో, పొయ్యికీ పక్కబట్టలకీ మధ్య దొరికాయి.

మెలిస్ తాడు చుట్టడం ఆపలేదు. “నా కాళ్ళకే. ఊలు మేజోళ్ళ లోపల అవి తొడుక్కుంటే బూటు ఒరుసుకోదు. బొబ్బలెక్కవు.”

“పెళ్ళయిన దగ్గర్నుంచీ నీ సంచి నేనే సర్దుతున్నా. నీ పాదాలు ఇంత సుకుమారం ఎప్పుడయ్యాయి?”

“వయసొస్తోంది కదే.”

“పాదాలకే వచ్చినట్టుంది. మిగతాదంతా కుర్రాడే!”

అతను నవ్వలేదు. అదే ఆమెకు నచ్చలేదు. యాత్రికుల్ని కొండలకు తీసుకెళ్ళే ప్రతిసారీ ఇద్దరూ కలిసి సామానంతా ఉన్ని తివాచీ మీద పరిచేవారు. ఆమె ఒక్కొక్కటే చూసి సంచిలో పెట్టేది. ఈసారి ఆమె ఆవు పాలు పితికి వచ్చేలోపే సంచి మూతి బిగించేశాడు. అందుకే విప్పింది.

“మంచు మీద బూట్లకు కట్టుకునే ఇనుప ముళ్ళేవి?”

“కనుమ దాటట్లేదు. కింద ఎర్ర లోయల్లోనే ఉంటాం. అక్కడ ఉన్నదంతా ఇసుకేగా.”

“ఇసుకలోకి వెళ్తూ ఒక్క డబ్బా నీళ్ళా?”

“ఇద్దరికి చాలు.”

“ఇద్దరెవరు?”

“నేనూ, పట్నం నుంచి వచ్చే పెద్దమనిషీ.”

“పెద్దమనిషికి పేరుందా?”

“అడగలేదు.”

“మరి ఈ గాలం దారం? ఆ ఎండు లోయల్లో చేపలు పడతావా?”

“గుడారం చిరిగితే కుట్టుకోవద్దూ? నువ్వు పోలీసువి కావాల్సింది.” గ్యాసు సిలిండర్ భుజాన వేసుకుని, నింపించుకొస్తానని వెళ్ళిపోయాడు.

ఆమె పెరట్లో ఉన్న జీపు వెనక తలుపు తీసింది. గంప కింద రెండు పావురాలు కువకువలాడుతున్నాయి. ఎండబెట్టిన గొర్రె మాంసం మూట కట్టి ఇచ్చింది కదా, ఆ పెద్దమనిషి పంటికి అది ఆనదు కాబోలు. లేత పావురాల పులుసు కావాలి! గంప పక్కన మడతపెట్టి ఉన్నదాన్ని మాత్రం విప్పి చూసింది. ముక్కలు కలిపి తన తల్లి కుట్టిన బొంత. కూతుర్ని ఉయ్యాలలో పడుకోబెట్టినప్పుడు కప్పింది. ఇంట్లో అంత మెత్తటిది ఇంకోటి లేదు.

లోపలికి వచ్చి కత్తెర తీసింది. రెండు మేజోళ్ళకూ వేళ్ళ దగ్గర కొసలు కత్తిరించింది. ఆ కోపంలోనూ ఆమె చెయ్యి వంకర పోలేదు. మళ్ళీ మడిచి, ఉన్నచోటే పెట్టేసింది.

‘వేళ్ళు బయటపెట్టుకుని తిరగనీ ఆ మహారాణిని,’ అనుకుంది.

మెలిస్ తిరిగొచ్చి, సామానెక్కించుకుని బయల్దేరాడు. జీపు మలుపు తిరగ్గానే ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది. లోయల్లోంచి ఊళ్ళోకి వచ్చే దారిలో, చెక్‌పోస్టు దగ్గర తెమిర్లాన్‌కి కాపలా ఉద్యోగం.

“మీ బావ తిరిగొచ్చేటప్పుడు బండి ఆపరా. మొత్తం తెరిచి చూడు.”

“బావ బండా? ఎప్పుడైనా ఆపానా అక్కా? చెయ్యూపి పంపేస్తాం. సొంత బావ సంచి వెతికానని తెలిస్తే ఊరంతా నా మొహాన ఉమ్మేస్తారు.”

“అందులో ఆడమనిషి ఉంటుందిరా.”

అటునుంచి పెద్ద నవ్వు. “మన బావకా! ఆ ముక్కు చూసి ఎవరు పడ్డారే? ఇక్కడ డేగల దొంగలతోనే నాకు నిద్రలేదు. పోయినేడు పట్టుకున్నవాడు ఇంకా జైల్లోనే ఉన్నాడు. ఇప్పుడు బావ సరసాలకి కూడా నేనే కాపలా కాయాలా?”

“నవ్వకు. నా కాపురంరా ఇది. నలుగురి ముందు తెరిపించు. నిజమైతే పిల్లదాన్ని తీసుకుని నీ ఇంటికే వచ్చేస్తా.”

తమ్ముడి నవ్వు ఆగింది. “సరే అక్కా. అందరి ముందే తెరిపిస్తాను.”

ఆ వారమంతా ఆమె బంగాళాదుంపలు తవ్వుతూనే గడిపింది. ఫోన్ మోగినప్పుడు కూడా చేలోనే ఉంది.

“బావ బండి ఆపానక్కా. ఆడమనిషెవరూ లేరు. ఆ పట్నం వాడూ మగాడే.”

కెంజెగుల్ అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. పాపం, నిజంగా కాళ్ళ కోసమే తీసుకెళ్ళాడు! పాదాలు బొబ్బలెక్కిపోయి ఉంటాయి. సాయంత్రానికి మాంసం కుడుములు చెయ్యాలి, వేడినీళ్ళు కాచి ఉంచాలి.

“తొందరగా పంపెయ్‌రా. నేనడిగానని మాత్రం చెప్పకు.”

“పంపడానికి లేదక్కా. అందరూ చూశారు.” తెమిర్లాన్ గొంతు తగ్గించాడు. “గాలం దారంతో ఉచ్చులు పన్నారు, పావురాల్ని ఎర పెట్టారు. డేగల్ని పట్టి, మనమ్మ కుట్టిన బొంతలో చుట్టి తెస్తున్నారు. ఒక్కో మేజోడులో ఒక్కో డేగ. రెక్క కదలకుండా బిగిసిపోయి ఉన్నాయి, కొసల్లోంచి తలలు మాత్రం బయటపెట్టి చూస్తున్నాయి.”

ఆమె మట్టి దులుపుకుంటూ లేచింది.

“అక్కా, బావ నోరు విప్పట్లేదు. వాటికి ఊపిరాడేలా కొసలు ఇంత నీటుగా కత్తిరించిచ్చింది ఎవరని మావాళ్ళు అడుగుతున్నారు.”