చార్జింగ్ అయిపోయింది

లిఫ్టు ఐదో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయి ఇరవై నిమిషాలైంది. రలిత్స ఈ-సిగరెట్టును అరచేతికేసి కొట్టి మళ్లీ పీల్చింది. దాని లైటు వెలగలేదు.

"చార్జింగ్ అయిపోయింది మామయ్యా. ఒక్క సిగరెట్టివ్వండి."

"ఈ డబ్బాలోనా? ఊపిరాడక చస్తాం," అన్నాడు మామగారు స్తామెన్. ప్లోవ్‌దివ్ పొగాకు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేసిన మనిషి. "అయినా మానేశానని ఈస్టరుకి వచ్చినవాళ్లందరికీ చెప్పావుగా!"

"మానేశాను. దీన్లో పోసే ద్రవం సీసా మొత్తానికి నికోటిన్ ఇరవై మిల్లీగ్రాములే. మీ సిగరెట్టొక్కదాన్లోనే పది ఉంటుందట."

"ఉంటుంది. కాలిపోయింది పోగా ఒంటికి పట్టేది ఒకటో, ఒకటిన్నరో. ఏదీ, ఆ సీసా ఇటివ్వు."

కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"ఇరవై సీసాకి కాదమ్మా, మిల్లీలీటరుకి! రోజుకెంత పోస్తావ్?"

"రెండు."

"అంటే నలభై. సగమే ఒంటికి పట్టిందనుకున్నా, పదమూడో, ఇరవయ్యో సిగరెట్లు తాగినట్టే. ఇదివరకు ఎన్ని తాగేదానివి?"

"ఏడు," అంది రలిత్స మెల్లగా. "బాల్కనీలోకి వెళ్లి."

"అయిపోగానే తలుపేసుకుని లోపలికొచ్చేదానివి."

రలిత్స చేతిలోని ఈ-సిగరెట్టు వంక చూసుకుంది. ఇప్పుడది దిండు కింద కూడా ఉంటోంది.

లిఫ్టు కుదుపుతో కదిలి కిందికి దిగింది. తలుపు తెరుచుకోగానే స్తామెన్ బయటపడి, గుండెల నిండా గాలి పీల్చుకుని వెనక్కి చూశాడు. రలిత్స ఇంకా లోపలే ఉంది.

"మళ్లీ అందులోనేనా!"

"ఇంట్లోంచి చార్జరు తెచ్చుకుంటా మామయ్యా, ఒక్క నిమిషం," అంటూ ఎనిమిదో అంతస్తు మీట నొక్కింది.