నలభై మూడు రోజుల మరక

నిచ్చెన భుజానేసుకుని ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి ఇంట్లో ముగ్గురూ హాల్లోనే ఉన్నారు. కొడుకు ఈ గోడ వైపు, కోడలు ఆ గోడ వైపు ఎడమొహం పెడమొహంగా నిలబడ్డారు. మధ్యలో కుర్చీలో పెద్దావిడ. ఆవిడ కూర్చున్న చోటి నుంచే తలుపు పైన వేలాడే కుండీకి పిచికారీతో నీళ్ళు కొడుతోంది. చుక్క కూడా కింద పడలేదు.

"పైకప్పులు పరీక్ష చేసేది మీరేనా? రండి నాయనా. ముందు అటు చూడండి," అంది.

హాలు సీలింగు మీద పళ్ళెమంత మరక ఉంది. కప్పు కారిన చోట ఎక్కడైనా పడే గోధుమరంగు మరకే.

"అమ్మా, మన కప్పు కారదని ఆయనకి చెప్పు," అన్నాడు కొడుకు. "స్లాబు పోసినరోజు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎండలో నిలబడి పోయించాను."

"అత్తయ్యా, మనిషి ఎండలో నిలబడినంత మాత్రాన స్లాబు గట్టిపడదని మీ అబ్బాయికి చెప్పండి," అంది కోడలు.

ఇన్‌స్పెక్టరు పెద్దావిడ వైపు చూశాడు. ఆవిడ సంగతంతా విడమరిచి చెప్పింది. మరక కనబడిన రోజు, కప్పు కారిందని కోడలంది. వానే లేకుండా ఎలా కారుతుందని కొడుకన్నాడు. మాటా మాటా పెరిగింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకాలు ఇద్దరూ. నలభై మూడు రోజులుగా వాళ్ళ మధ్య మాటల్లేవు. పరీక్షలో ఎవరిది తప్పని తేలితే వాళ్ళు ముందు మాట్లాడాలి. ఈ ఒప్పందం కూడా ఆవిడ ద్వారానే కుదిరింది.

"మధ్యలో నా ప్రాణానికొచ్చింది," అంది. "కూరలో ఉప్పెక్కువైందని వాడు నాతో చెప్పాలి, నేను దీనితో చెప్పాలి. సరిగ్గానే ఉందని ఇది నాతో చెప్పాలి, నేను వాడితో చెప్పాలి. ఒక్క పూట తీరిక లేదనుకోండి."

చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు బొంగురుపోయింది. అంతకుముందు ఏళ్ళ తరబడి ఆ గొంతు ఆ ఇంట్లో పెద్దగా వాడకంలో లేదు.

ఇన్‌స్పెక్టరు పద్ధతి గల మనిషి. ఇంటి చుట్టూ తిరిగి గోడలు చూశాడు. మేడెక్కి పిట్టగోడ వెంబడి సుత్తితో చిన్నగా కొడుతూ చప్పుడు విన్నాడు. వాననీళ్ళు పోయే గొట్టంలో చెయ్యి పెట్టి ఎండుటాకులు తీశాడు, ఒక బంతి తీశాడు. అన్నిటికీ ఫొటో తీశాడు. బంతికి రెండు.

దిగాక అందరికీ టీ వచ్చింది. పెద్దావిడ తన కప్పు పట్టుకుని గదిలోకి వెళ్ళి పెట్టుకుంది. ఆవిడకి వేడి పడదట, చల్లారాలట.

"పైన పగుళ్ళేం లేవు. అయినా నీళ్ళ పరీక్ష చెయ్యందే రాసివ్వను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఒకరు పైన పైపు పట్టుకుని కాస్త కాస్త జరుపుతూ నీళ్ళు వదలాలి. ఒకరు కింద మరక మీద టార్చి వేసి చూడాలి. ఎప్పటికప్పుడు ఒకరికొకరు చెప్పుకుంటూ ఉండాలి. అదే ముఖ్యం."

ఇద్దరూ నేల చూపులు చూశారు.

"మెట్ల మీద నేనుంటాలే," అంది పెద్దావిడ.

కొడుకు పైన, కోడలు కింద, పరీక్ష మొదలైంది.

"అమ్మా, వచ్చిందేమో అడుగు."

"అమ్మాయ్, వచ్చిందా అంటున్నాడు."

"రాలేదని చెప్పండి అత్తయ్యా."

"రాలేదుట నాయనా. వచ్చినా ఒప్పుకునే మనిషివి కాదులే అంటోంది."

కోడలు ఆ రెండో మాట అనలేదు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసి టైము మాత్రం రాసుకున్నాడు.

ఏడో విడతలో పైపు కుళాయి నుంచి ఊడింది. పట్టుకోబోయిన కొడుకు కాలు జారింది. దబ్బుమని చప్పుడు విని కోడలు టార్చి వదిలేసి, అత్తగారిని దాటుకుని రెండేసి మెట్లెక్కి పరిగెత్తింది.

"ఏమండీ, కదలకండి. మళ్ళీ జారతారు."

"దెబ్బేం తగల్లేదు. నువ్వు మెల్లిగా రా, అంతా తడి."

మెట్ల మీద పెద్దావిడ పైకి చూసింది, కిందికి చూసింది. చేరవెయ్యడానికి మాటేమీ లేదు.

ఇన్‌స్పెక్టరు పదకొండు పేజీల రిపోర్టు రాసి, ఆఖరి పేజీ చదివి వినిపించాడు.

"సార్, కప్పు రాయిలా ఉంది. చుక్క దిగలేదు. మేడమ్, మరకా అబద్ధం కాదు. వేలు పెడితే ఇంకా చెమ్మగా ఉంది. స్లాబు లోపల పొడి, సున్నం మీద తడి. పాతికేళ్ళ సర్వీసులో ఇలాంటిది చూళ్ళేదు. కారణం తెలియదని రాశాను."

"అంటే ఇద్దరం కరెక్టేనన్నమాట," అన్నాడు కొడుకు.

"లేదా ఇద్దరం తప్పే," అంది కోడలు.

ఇద్దరూ నవ్వారు. కొండను తవ్వి ఎలుకను కూడా పట్టలేకపోయినందుకు నొచ్చుకుంటూ ఇన్‌స్పెక్టరు నిచ్చెన ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ వంటింట్లో చేరి, నలభై మూడు రోజుల మాటలూ ఒక్కసారే మాట్లాడుకున్నారు. ఉప్పు గురించి కూడా నేరుగానే దెబ్బలాడుకున్నారు. హాల్లో పెద్దావిడ తన కుర్చీలో కూర్చుని వింది. గంట గడిచింది. అమ్మా అని ఒకరు పిలవలేదు, అత్తయ్యా అని ఒకరు పిలవలేదు. ఆవిడకి దిగులేసింది.

ఇంకాసేపు చూసి లేచి, గదిలో చల్లారిపోయిన టీని పిచికారీలోకి వంపుకుని, వాళ్ళ పడగ్గదిలోకి వెళ్ళి మంచానికి సరిగ్గా పైన సీలింగు మీదికి గురిపెట్టింది.