నొప్పెట్టదేటి?

“ఈ తువ్వాలు కరిసిపట్టుకో,” అంది అత్త దేముడమ్మ, కోడలి నడుం రాస్తూ. “నలుగుర్ని కన్నాను. ఒక్క కేక ఎయ్యలేదు.”

సుహాసిని తువ్వాలు కరిచిపట్టింది. నెలలు నిండినా నొప్పులు రాలేదని పొద్దున్నే సెలైన్‌లో మందు కలిపారు. నొప్పులు తెప్పించే మందు ఉంది గాని, అవి తెలియకుండా చేసే మందు ఆ చిన్న ఆస్పత్రిలో లేదు. అరిస్తే, డిగ్రీ చదివిన కోడలు ఇంతేనా అని అత్త ఊరంతా చెబుతుందని ఆమె భయం.

ఒక నొప్పి వచ్చి వెళ్లింది.

“నువ్వెలా ఓర్సుకున్నావత్తా?”

“ఓర్పేటే! ఒకపాలి వరి నాటే ఉభాలు, ఒకపాలి కోతలు. ఎప్పుడూ అందరూ మడుల్లోనే. అరిస్తే ఇనడానికి ఇంట్లో ఎవులున్నారని?”

సుహాసిని ఆమె వంక చూసింది. దేముడమ్మ సెలైన్ సీసా వంక చూసింది.

మళ్లీ నొప్పి వచ్చింది. ఈసారి దేముడమ్మే తువ్వాలు లాగేసింది. సుహాసిని ఆస్పత్రి అదిరేలా అరిచింది.

నర్సు తలుపు తోసుకొచ్చింది. “ఎవరమ్మా, అలా అరుస్తున్నారు?”

“నానే,” అంది దేముడమ్మ, కోడలి చెయ్యి వదలకుండా. “నలుగుర్ని కన్నాను. నొప్పెట్టదేటి?”