ఆగిన ఫోను లెక్కపెట్టిన ఊపిరి

మా ఆయన నతానియేలుకు వంటింట్లో కారే కుళాయి కనిపించదు గానీ, ఫోను కడుపులో దాక్కున్న తప్పు మాత్రం ఇట్టే కనిపిస్తుంది. ఆయన కంపెనీ పెద్దవాళ్ల ఊపిరి లెక్కపెట్టే చిన్న ఫోనొకటి తయారుచేస్తోంది. వారం రోజులుగా దాన్ని మా అత్తయ్య దానమ్మగారి ఛాతీకి కట్టి పరీక్షిస్తున్నారు. ఆ రాత్రి ఆవిడ నిద్రపోయాక విప్పి తెచ్చి, హాల్లో లాప్‌టాప్‌కు తగిలించి, తప్పులు పట్టే డీబగ్గర్ అనే టూలుతో, ఫోన్ని నడిపించే కెర్నెల్‌ని ఆపేశారు. కెర్నెల్ ఆగితే ఫోనులో గడియారం కూడా కదలదట.

అయినా లాప్‌టాప్ తెరమీద నిమిషానికో అంకె పడుతోంది. పద్నాలుగు. పదమూడు.

"టూలు చెడిందిలే హెలెన్. ఎవరికీ కట్టని ఫోను ఎవరి ఊపిరి లెక్కపెడుతుంది?"

"మన కుళాయిదేమో చూడండి" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఫోను బ్యాటరీ తీసేశారు. పదకొండు.

బయట ఇబ్రహీంపట్నం రోడ్డుమీద కరెంటు ఫ్యాక్టరీ బూడిద మోసే లారీల మోత ఎందుకో ఆగిపోయింది. నేను అత్తయ్య గదిలోకి వెళ్లి, ఫ్యాను కట్టేసి, గోడ గడియారం చూస్తూ ఆవిడ ఊపిరి లెక్కపెట్టాను. ఆ నిమిషం ఎంతకీ తరగలేదు.

తొమ్మిది.

"ఏవండీ, ఇప్పుడెంత పడింది?"

హాల్లో కుర్చీ జరిగిన చప్పుడైంది.

"తొమ్మిది."

అత్తయ్య భుజం పట్టి కుదిపాను. కళ్లు తెరవలేదు.

"అంబులెన్సుకు ఫోన్ చెయ్యండి!"

ఆయన ఫోన్ చేసి, అడ్రసు చెప్పి, గది గుమ్మంలో నిలబడిపోయారు. వెనక తెరమీద ఇంకో అంకె పడింది. ఆయన తిరిగి చూడలేదు.

"నాదే తప్పు హెలెన్" అన్నారు. "టూలు బాగానే ఉంది."