మావకి చదివి చెప్పిన బోర్డు

మిల్లు గేటుకి కొత్త బోర్డు తగిలించారు. కొలిమి దగ్గర ఒక్కటే ఉద్యోగం. రాయపూర్ వచ్చి ఇన్నేళ్ళయినా అచ్చయ్య మావకి హిందీ చదవడం రాదు.

"ఏటి రాసేర్రా మోషే?"

"పదో క్లాసు పాసైనోళ్ళే కావాలంట మావా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళు ఎర్రటి ఇనుముని పట్టకారుతో లాగిన మనిషి. పాత మిల్లు మూతపడ్డాక ఎనిమిది నెలలుగా గుఢియారీ పేటలోని మిల్లుల చుట్టూ పని కోసం తిరుగుతున్నాడు. ఇనుము ఎవణ్ణి సర్టిఫికెట్ అడుగుతుంది? గేటు ముందే నిలబడి సేఠ్‌ని బండబూతులు తిట్టాను.

"ఊరుకోరా, ఆళ్ళ మిల్లు, ఆళ్ళిష్టం," అని మావే నన్ను సముదాయించాడు. "సదువొచ్చినోడివి, నువ్వైనా ఎల్లు. మీ యమ్మ గంజి తాగి పడుకుంటోంది."

నా భుజం తట్టి, చెప్పులీడ్చుకుంటూ ఇంటికి పోయాడు.

నేను ఐదో క్లాసులోనే బడి మానేశాను. హిందీ అక్షరాలు దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్నవే.

బోర్డు మీద రెండో వరుస కూడా ఉంది. పదో క్లాసు లేకపోయినా, కొలిమి పని మూడేళ్ళు చేసినవాళ్ళు రావచ్చు. ఎక్కువేళ్ళు చేసినవాళ్ళకి ముందు ఇస్తారు.

నేను చేసింది మూడేళ్ళే. మావ మలుపు తిరిగేదాకా తిడుతూనే నిలబడి, లోపలికి వెళ్ళాను.