ముక్కు మూసుకునే ఆట

క్యారియర్ పట్టుకుని బడి గేటు దగ్గరికి వచ్చేసరికి పెద్దావిడకి ఆయాసం ముంచుకొచ్చింది. పొద్దున్న హడావిడిలో ఇంట్లో మర్చిపోయిన అన్నం అది. ఆకలికి మాడాల్సి వస్తుందని మోకాళ్ల నొప్పులు కూడా లెక్కచేయకుండా బయల్దేరింది.

“మనవడికా, మనవరాలికా?” అన్నాడు వాచ్‌మన్.

“ఒకటో తరగతి ఎటు నాయనా?”

“వరండా చివర. తిన్నగా వెళ్లండి పెద్దమ్మా.”

ఈ బడి గురించి ఇంట్లో వినడమే తప్ప ఆమె ఎప్పుడూ చూసింది లేదు. గోడల నిండా బొమ్మలు. నవ్వుతున్న ఏనుగు, గొడుగు పట్టిన కప్ప. వాటి పైన పెద్ద పెద్ద అక్షరాలు: ‘ఇక్కడ అందరూ మనవాళ్లే’. చూసి మురిసిపోయింది.

చివరి గదిలోంచి పాట వినిపించింది. టీచర్ చెబుతుంటే పిల్లలు అందుకుంటున్నారు. ఎంత తీయటి గొంతు! పెద్దావిడ మొహం విచ్చుకుంది. పాట మధ్యలో వెళ్లడం దేనికని కిటికీ పక్కన నిలబడింది.

పాట అయిపోయింది.

“ఇప్పుడేం ఆట ఆడదాం?” అంది టీచర్.

“ముక్కాట!” క్లాసంతా ఒకటే అరుపు.

“అయితే కానివ్వండి!”

పిల్లలందరూ ఒక్కసారిగా ముక్కులు మూసుకుని వెనక్కి తిరిగారు. వెనక, చెత్తబుట్ట పక్కన, విడిగా వేసిన చిన్న కుర్చీలో ఒక పిల్ల కూర్చుని ఉంది. చెవిలో దూది. దూదిని దాటి జారిన చీము చెంప మీద అట్టకట్టింది.

“ఎవరూ?” రాగం తీసింది టీచర్.

“కంపుబుట్ట!”

గది గొల్లుమంది. చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని టీచర్ కూడా నవ్వింది.

పెద్దావిడ చూపు మాత్రం ఆ పిల్ల మీదే ఆగిపోయింది. పిల్ల ఏడవడం లేదు. అందరితోపాటు తన ముక్కు తనే మూసుకుని నవ్వుతోంది.

పెద్దావిడ చెయ్యి తనంతట తనే పొట్ట మీదికి వెళ్లింది.

ఇంతలో ఆ పిల్ల లేచి చిటికెన వేలు చూపించింది.

“నువ్వెళ్లొస్తే ఇంక ఆ బాత్రూమ్‌లోకి ఎవరైనా అడుగు పెడతారా? అందరూ అయ్యాక వెళ్దువుగాని, కూర్చో,” అంది టీచర్. గొంతులో తీపి ఇసుమంతైనా తగ్గలేదు.

పిల్ల కాళ్లు ముడుచుకుంది. బిగబట్టుకుంది. పసిది, ఎంతసేపని ఆపుకుంటుంది? కాసేపటికి కుర్చీ కింద మడుగు కట్టింది.

“ఛీ! నీ స్వెట్టరు తీసి నువ్వే తుడువు. తుడిచి బయటికి ఫో!”

పెద్దావిడ గుమ్మం దాకా విసురుగా వెళ్లింది. అక్కడ ఆగిపోయింది. ఆ మొహంలోకి ఇప్పుడు చూడటం తన వల్ల కాదనిపించింది.

తడిసిన స్వెట్టరు గుండెలకి హత్తుకుని పిల్ల బయటికి వచ్చింది. పెద్దావిడ ఆ పిల్లని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి కాళ్లు కడిగింది. కొంగు తడిపి చెంప మీది చీము మెల్లగా తుడిచింది. వాసన వచ్చింది, నిజమే. చెవి కారితే వాసన రాదూ? మందు వేయించాలిగాని ముక్కు మూసుకుంటారా? అంతకన్నా ఇందాక విన్న ఆ నవ్వు తలుచుకుంటేనే ఆమెకి వాంతి వచ్చేలా ఉంది.

“నీ పేరేంటమ్మా?”

“కంపుబుట్ట.”

“అది కాదు తల్లీ. అసలు పేరు?”

పిల్ల కొంచెం ఆలోచించింది. “అది ఇంట్లో పేరు. ఇక్కడ ఇదే,” అంది. తర్వాత, ఈ ముసలావిడ తప్పుగా అనుకుంటుందేమోనన్నట్టు, “టీచర్ మంచిదే అమ్మమ్మా. రోజూ నాతోనే ఆట ఆడిస్తుంది,” అంది.

పెద్దావిడ పిల్లని ఆయాకి అప్పజెప్పి తిన్నగా హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి వెళ్లింది. చూసింది చూసినట్టు చెప్పింది.

హెడ్‌మిస్ట్రెస్ అంతా విని నిట్టూర్చింది.

“ఏదో సరదాకి అని ఉంటుందండీ. పాఠం అంత బాగా చెప్పేవాళ్లు మళ్లీ దొరకరు.”

“సరదానా? తన పేరు కంపుబుట్టే అనుకుంటోంది ఆ పిల్ల!”

“అది కాదండీ. ఈ సంగతి పైకి వెళ్తే ఆవిడ ఉద్యోగం పోతుంది. భర్త లేడు. ఇంట్లో ముసలి తల్లి కూడా ఉందట. వాళ్ల నోటి దగ్గర కూడు తీసేద్దామా, మీరే చెప్పండి.”

“తీసేయండి.”

హెడ్‌మిస్ట్రెస్ తెల్లబోయింది. “వయసులో పెద్దవారు. మరీ ఇంత రాతిగుండె ఏంటండీ?”

“ఇలాంటి పని చేసి తెచ్చిన కూడు ఎవరి గొంతు దిగుతుందమ్మా?” పెద్దావిడ క్యారియర్ బల్ల మీద పెట్టేసింది. “రేపటి నుంచి ఆ గదిలో ఇంకొకరు ఉండాలి. ఆ పిల్ల ముందు వరసలో కూర్చోవాలి. చెవికి వైద్యం చేయించాలి. మీవల్ల కాదంటే చెప్పండి, గేటు దగ్గర నిలబడి వచ్చే పోయే తల్లులందరికీ నేనే చెప్పుకుంటాను.”

హెడ్‌మిస్ట్రెస్ ఫోను దగ్గరికి లాక్కుంది.

“సరే. పైవాళ్లతో మాట్లాడతాను. కానీ రేపు ఆవిడ అంతా అబద్ధమంటే? ఎదురుగా నిలబడి చెప్పగలరా?”

“చెప్తాను.”

“ఇంతకీ ఆ పిల్లకి మీరేమవుతారు? నాయనమ్మా, అమ్మమ్మా?”

“పిల్లకి నేనేమీ కానమ్మా,” అంది పెద్దావిడ, “మీ టీచర్‌ని కన్నతల్లిని.”