నాలుగింటి సముద్రం

నరసింహమూర్తి చేసిన మోసాన్ని బుచ్చిరాములు నిద్రలో కూడా మరవలేదు. అన్నోజిగూడలో ప్లాటు అమ్మి, పైసలన్నీ తీసుకుని, తెల్లకాగితం మీద రాసిచ్చాడు. రిజిస్ట్రేషన్‌కని బుచ్చిరాములు దగ్గర ఫోటోలు కూడా తీసుకున్నాడు. ఆ తర్వాత ఇవాళ, రేపు అంటూ నాలుగేళ్లు తిప్పాడు. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి పెద్దమనిషి మాటే దస్తావేజు.

చివరికొకనాడు ఉప్పల్ చౌరస్తాలో, పదిమంది చూస్తుండగా, బుచ్చిరాములు పిడికెడు దుబ్బమన్ను తీసి అతని కాళ్ల మీద పోశాడు.

"నీ మతి మంట్ల గలువ."

రెండేళ్లకు, తెలంగాణ వచ్చిన ఏడాది, అది నిజమైంది. నాచారంలో మతి తప్పిన ముసలివాళ్లను పగటిపూట చూసుకునే కేంద్రంలో బుచ్చిరాములు పని చేస్తున్నాడు. అక్కడికే అరుణకుమారి తన తండ్రి నరసింహమూర్తిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ముసలాయన బుచ్చిరాములును గుర్తుపట్టలేదు. హాజరు పుస్తకంలో సంతకం మాత్రం ముత్యంలా పెట్టాడు.

తన నోటి మాటే తగిలిందనుకున్నాడు బుచ్చిరాములు. ఆ పూట ముద్ద దిగలేదు. ఇక ప్లాటు ఊసెత్తితే పాపమనుకున్నాడు.

రోజూ నాలుగయ్యేసరికి ముసలాయన చొక్కా జేబు గట్టిగా పట్టుకుని తలుపు బాదేవాడు. "మూసేస్తారు, మూసేస్తారు" అని ఏడ్చేవాడు. ఏం మూసేస్తారో చెప్పలేకపోయేవాడు.

డాక్టరమ్మ ఆమని కంప్యూటర్ కళ్లజోడొకటి తెచ్చింది. పెట్టుకుంటే ఎటు తిరిగినా సముద్రమే. కాకినాడ మనిషి కదా, కుదుటపడతాడేమో అంది. ముసలాయన దాన్ని విసిరికొట్టాడు.

బుచ్చిరాములు పట్టు వదల్లేదు. తొట్టిలో నీళ్లు పోసి, ఒకప్పుడు తాను దుబ్బ పోసిన ఆ కాళ్లనే అందులో పెట్టాడు.

"జర సూడు సారూ. మీ ఊరి సముద్రమే ఒచ్చింది."

ముసలాయన నవ్వాడు. మూడు నెలల్లో తలుపు బాదడం పోయింది. సంతకమూ పోయింది. పెన్నిస్తే అలలు గీసేవాడు.

అరుణకుమారి తండ్రి జేబులోంచి ఒక కవరు తీసి బుచ్చిరాములు చేతికిచ్చి, కళ్లు తుడుచుకుంది. "మీ రుణం తీర్చుకోలేను, అన్నా. ఈ కవరు జేబులో పెట్టుకుని, మూసేస్తారు, వెళ్దాం పద అని నన్ను పీక్కుతినేవారు. ఇప్పుడు ఆ ధ్యాసే లేదు. ఏవో పాత కాగితాలు, పారేయండి."

చెత్తబుట్ట దగ్గర బుచ్చిరాములు కవరు విప్పాడు.

రిజిస్ట్రేషన్ స్టాంపు కాగితాల మీద తన పేరుంది, తన ఫోటో ఉంది, అమ్మినవాడి సంతకం కోసం వదిలిన ఖాళీకి సరిగ్గా పైన అన్నోజిగూడ నూట యాభై గజాలూ ఉన్నాయి.